ఇమ్యూనిటీ పెంచితే తగ్గుతుందా?

తెనాలిలో ఒక గ్రంథాలయంలో నాడుల గురించి మాట్లాడి కిందికి దిగుతుంటే మెట్ల దగ్గర ఒకావిడ ఆగి ఉన్నారు. అరవై దాటి ఉంటాయి. చేతిలో నూరు పేజీల నోటుబుక్కు. భర్త బడిపంతులుగా చేసి రిటైరయ్యారట. ఏడాది కిందట ఆయనకి చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. వయసు మీద పడింది కదా అనుకున్నారు. తర్వాత సంతకం వంకరపోయింది. ఆ తర్వాత అన్నం ముద్ద వేళ్ల సందుల్లోంచి జారిపోవడం మొదలైంది. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ కరిగి అక్కడ గుంట పడింది. భుజం మీద చర్మం కింద ఏదో పాకుతున్నట్టు కండ సన్నగా అదురుతూనే ఉంటుంది. ఆయన నిద్రపోతున్నప్పుడు కూడా ఈవిడ దాన్నే చూస్తూ కూర్చుంటారట. పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేసి మోటార్ న్యూరాన్ జబ్బు అని చెప్పారు.

“సార్, ఒక్కటే అడుగుతాను. మా మాస్టారికి ఇమ్యూనిటీ పెంచితే తగ్గుతుందా? ఒకాయన అందుకే అని పొడులిస్తున్నాడు. ఇంకొకాయనేమో ఇమ్యూనిటీ ఎక్కువై నరాల్ని తినేస్తోంది, దాన్ని అణచాలంటున్నాడు. ఎవరి మాట వినాలి?”

కరోనా తర్వాత ‘ఇమ్యూనిటీ’ అనే మాట మన వంటింట్లోకి వచ్చి కూర్చుంది. అది పాలలాంటిదనీ, ఎక్కువుంటే మంచిదనీ, తక్కువైతే చెడ్డదనీ చాలామంది నమ్మకం. అందువల్ల ఆవిడ ప్రశ్నలో తప్పేమీ లేదు. శాస్త్రవేత్తలు కూడా ముప్పై ఏళ్లపాటు ఈ ప్రశ్ననే అటూ ఇటూ తిప్పి అడిగారు. పెంచాలా, తగ్గించాలా అని. చివరికి వాళ్లకి తెలిసొచ్చింది వేరే సంగతి. అది తెలియాలంటే ముందు జబ్బెక్కడుందో చూడాలి.

కరెంటు అందని మోటారు

పొలంలో పంపుసెట్టు ఆగిపోతే ముందుగా మోటారు విప్పం. స్తంభం నుంచి తీగ సరిగ్గా వచ్చిందా లేదా అని చూస్తాం. మాస్టారి చేతికండ ఆ మోటారు లాంటిది. దానికి జబ్బు లేదు, దానికి ఆజ్ఞ అందడం లేదు. చాన్నాళ్లు తిప్పని మోటారు తుప్పుపట్టినట్టు, ఆజ్ఞ అందని కండ కరిగిపోతుంది.

ఆజ్ఞ వచ్చే దారిలో రెండు మజిలీలున్నాయి. మెదడు పైపొరలో ఉన్న కణం వెన్నుపాములో ఉన్న కణానికి చెబుతుంది, అది కండకి చెబుతుంది. వీటిని కదలిక కణాలు అందాం. డాక్టర్లు మోటార్ న్యూరాన్లు అనేవి వీటినే. కంటికి ఆనని ఈ కణం నడుము దగ్గర కూర్చుని పాదాన్ని కదిలించాలంటే, దాని తీగ దాదాపు మీటరు పొడవు సాగాలి. ఆ తీగ పొడవునా తిండి, సరుకులు మోసుకెళ్లాలి, చెత్త వెనక్కి తేవాలి. శరీరంలో ఇంత చాకిరీ చేసే కణాలు తక్కువ. పోతే మళ్లీ పుట్టవు.

1869లో పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో జాఁ మార్తాఁ షార్కో అనే వైద్యుడు, ఈ జబ్బుతో పోయినవాళ్ల వెన్నుపాముల్ని కోసి చూసి ఈ కణాలు మాయమవడాన్ని వర్ణించాడు. ఈ జబ్బుల్లో ఎక్కువగా కనిపించేదాన్ని ఏఎల్ఎస్ అంటారు. స్పర్శ పోదు, చూపు పోదు, చాలామందిలో ఆలోచన చెక్కుచెదరదు. కాళ్లూ చేతులూ, మాట, మింగడం, చివరికి ఊపిరి పోతాయి. లక్షణాలు మొదలైన మూడు నుంచి ఐదేళ్లలో ఎక్కువమంది చనిపోతారు. నూటికి పదిమందిలో ఇది వంశంలో వస్తుంది, మిగతావాళ్లలో చాలామందికి ఎందుకొచ్చిందో చెప్పలేం.

కానీ అందరిలో ఒకే వేగంతో నడవదు. అమెరికా బేస్‌బాల్ ఆటగాడు లూ గెరిగ్‌కి 1939లో ఈ జబ్బని తేలింది, 1941లో చనిపోయాడు. స్టీఫెన్ హాకింగ్‌కి 1963లో, 21 ఏళ్ల వయసులో బయటపడింది, 2018 దాకా, 76 ఏళ్లు బతికాడు. మన దక్షిణాదిలో ‘మద్రాసు మోటార్ న్యూరాన్ జబ్బు’ అని ఇంకో రకం ఉంది. 1970లో మద్రాసు వైద్యులు మొదట వర్ణించారు. చిన్న వయసులోనే వస్తుంది, వినికిడిని కూడా దెబ్బతీస్తుంది, కానీ నెమ్మదిగా దశాబ్దాలపాటు నడుస్తుంది. జబ్బు ఒకరిని రెండేళ్లలో ముంచి, ఇంకొకరిని యాభై ఏళ్లు ఎందుకు ఉండనిస్తుంది? ఈ ‘వేగం’ అన్న మాటని గుర్తుపెట్టుకోండి. రోగనిరోధక వ్యవస్థ కథలోకి వచ్చేది అక్కడే.

మెదడులో కాపలా

మెదడులో ఆలోచించే కణాలు కాక, వాటిని చూసుకునే కణాలు చాలా ఉన్నాయి. అందులో ఒక జాతిని 1919లో స్పెయిన్‌కి చెందిన పియో దెల్ రియో ఒర్తేగా వెండి రసాయనంతో రంగేసి విడిగా చూపించాడు. వాటికి మైక్రోగ్లియా అని పేరు. మెదడులో రోగనిరోధక పని చూసేవి ఇవే కాబట్టి మనం కాపలా కణాలు అందాం. ఇవి మెదడులో పుట్టినవి కావు. పిండం ఇంకా నలుసుగా ఉన్నప్పుడే, రక్తకణాలు మొదట పుట్టే చోటి నుంచి మెదడుకి వలస వచ్చి, అక్కడే కాపురం పెట్టి, అక్కడే వంశం నిలుపుకుంటాయి.

ప్రశాంతంగా ఉన్నప్పుడు కాపలా కణాన్ని చూడాలి. మధ్యలో చిన్న ఒళ్లు, చుట్టూ తుమ్మకొమ్మల్లాంటి సన్నటి చేతులు. 2005లో శాస్త్రవేత్తలు బతికున్న ఎలుక పుర్రె ఎముకని బాగా పలచబరిచి, దాని మీదుగా మైక్రోస్కోపు పెట్టి చూశారు. అప్పటిదాకా ‘విశ్రాంతి’లో ఉన్నాయనుకున్న ఆ కణాలు ఒక్క క్షణం కూడా ఊరుకోలేదు. ఒళ్లు కదలదు కానీ చేతులు చాపుతూ, ముడుస్తూ, చుట్టుపక్కల ప్రతి కణాన్నీ తడిమి చూస్తూనే ఉన్నాయి. లేజర్‌తో సూదిమొనంత గాయం చేస్తే నిమిషాల్లో చుట్టూ ఉన్న చేతులన్నీ అటు తిరిగి గాయాన్ని కప్పేశాయి. రాత్రి పడుకునే ముందు ఇంటి చుట్టూ తిరిగి, తలుపు గడియలన్నీ ఒకసారి లాగి చూసే ఇంటి పెద్దలాంటివి ఇవి.

ఇవే కణాలు ఏఎల్ఎస్ వచ్చిన వెన్నుపాములో చేతులు ముడుచుకుని, ఒళ్లు ఉబ్బించుకుని, కదలిక కణాల చుట్టూ గుమికూడి కనిపిస్తాయి. రక్తంలోంచి వచ్చిన టి కణాలు, అంటే రోగనిరోధక వ్యవస్థ సైనికులు కూడా అక్కడ చేరతాయి. గాయపడిన కణం పోస్తున్న చెత్తని ఎత్తడం వాటి మొదటి పని. ఆ పనిలోనే విషపు రసాయనాలు వదులుతాయి. వాటివల్ల పక్కనున్న మంచి కణం కూడా దెబ్బతింటుంది. అది మళ్లీ చెత్త పోస్తుంది, కాపలావాళ్లు ఇంకా రెచ్చిపోతారు. గడ్డివాముకి నిప్పంటుకుంటే ఆర్పడానికి వచ్చినవాళ్లే మండుతున్న గడ్డిని లాగి పక్కవాము మీద పడేసినట్టన్నమాట. ఇంగ్లీషులో దీన్నే న్యూరో ఇన్‌ఫ్లమేషన్ అంటారు.

అయితే, నిప్పు పెట్టింది వీళ్లేనా? ఇది తేల్చడానికి ఎలుకలు కావలసివచ్చాయి. వంశంలో వచ్చే ఏఎల్ఎస్‌కి ఒక కారణం ఎస్ఓడీ1 అనే జన్యువులో తేడా అని 1993లో తెలిసింది. మరుసటి ఏడే ఆ తేడా జన్యువున్న ఎలుకల్ని తయారుచేశారు. వాటికి మనుషుల్లాగే కాళ్లు చచ్చుబడతాయి. 2003లో డాన్ క్లీవ్‌లాండ్ బృందం ఒక చిత్రమైన పని చేసింది. ఒకే ఎలుకలో కొన్ని కణాలకి తేడా జన్యువు, మిగతావాటికి మంచి జన్యువు ఉండేలా కలగలిపింది. చెడ్డ ఇరుగుపొరుగు మధ్య పడిన మంచి కదలిక కణం దెబ్బతింది. మంచి ఇరుగుపొరుగు దొరికిన చెడ్డ కదలిక కణం ఎక్కువ కాలం బతికింది. మన పెద్దలు మనుషుల గురించి చెప్పే మాట కణాల్లో కూడా నిజమైంది.

2006లో వచ్చిన ఇంకో పరిశోధన నా దృష్టిలో ఈ అధ్యాయానికి గుండెకాయ. తేడా జన్యువుని కదలిక కణాల్లోంచి తగ్గిస్తే జబ్బు ఆలస్యంగా మొదలైంది. కాపలా కణాల్లోంచి తగ్గిస్తే జబ్బు మొదలవడం ఆగలేదు, కానీ మొదలయ్యాక నెమ్మదిగా నడిచింది. అంటే నిప్పు పుట్టేది కదలిక కణంలో, గాలి విసిరేది కాపలా కణాలు. పొడి అమ్మేవాడూ, అణచాలనేవాడూ ఇద్దరూ ఈ తేడా తెలియనివాళ్లే.

అణచడం ఎందుకు పనిచేయలేదు

గాలి విసిరేవాళ్లని కట్టేస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. డాక్టర్లకీ అలాగే అనిపించింది. కీళ్లవాతంలో, కిడ్నీ మార్చినప్పుడు రోగనిరోధక వ్యవస్థని అణచే మందులు అప్పటికే వాడుకలో ఉన్నాయి. సైక్లోస్పోరిన్ ఇచ్చి చూశారు. శోషరస గ్రంథులకి రేడియేషన్ కూడా పెట్టి చూశారు. జబ్బు ఆగలేదు.

మినోసైక్లిన్ కథ చెప్పకుండా ముందుకి వెళ్లలేను. మొటిమలకి వాడే చవక యాంటీబయోటిక్ అది. కాపలా కణాల్ని శాంతింపజేస్తుంది, ఎలుకల ఆయుష్షు పెంచింది. అమెరికాలో 412 మంది రోగులతో పరీక్ష పెట్టారు. 2007లో ఫలితం వచ్చింది. మందు తీసుకున్నవాళ్ల శక్తి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లకంటే 25 శాతం వేగంగా పడిపోయింది. మేలు చేయకపోవడం ఒక ఎత్తు, కీడు చేయడం ఇంకో ఎత్తు. ‘సైడ్ ఎఫెక్టులు లేని మందు, వాడితే పోయేదేముంది’ అని ఎవరైనా అంటే నాకు ఈ 412 మంది గుర్తొస్తారు. వాడితే పోయేది ఉంటుంది. వాళ్లు ఆ పరీక్షకి ఒళ్లప్పగించబట్టే మనకి తెలిసింది.

రక్తంలో క్రిముల గోడలకి కన్నాలు పెట్టే ‘కాంప్లిమెంట్’ అనే ప్రొటీన్ల గుంపుంది. దాన్ని ఆపే రావులిజుమాబ్ అనే మందుని 382 మందికి పెట్టిన పరీక్షని, ఫలితం కనబడక 2021లో మధ్యలోనే ఆపేశారు.

ఎందుకిలా అవుతోంది? జవాబు మళ్లీ ఎలుకల్లోనే దొరికింది. 2008లో తేడా జన్యువున్న ఎలుకల్ని టి కణాలు లేకుండా పెంచి చూశారు. సైన్యాన్ని తీసేశారు కాబట్టి జబ్బు నెమ్మదించాలి. అది నెమ్మదించలేదు సరికదా, ఎలుకలు ఇంకా తొందరగా చచ్చిపోయాయి. టి కణాల్లో రెచ్చగొట్టేవాళ్లతోపాటు ఆపేవాళ్లు కూడా ఉన్నారని, అందరినీ ఒకే తాటితో కట్టేస్తే ఆపేవాళ్లు కూడా పోతున్నారని అప్పుడు అర్థమైంది.

సర్దిచెప్పే కణాలు

ఊళ్లో రెండు కుటుంబాలు కొట్టుకుంటుంటే మధ్యలోకి వచ్చి ‘ఇక చాల్లే, ఎవరింటికి వాళ్లు పదండి’ అనే పెద్దమనిషి ఉంటాడు. ఆయన కర్ర పట్టడు, ఆయన వస్తే కర్రలు దిగుతాయి. మన రక్తంలో అలాంటి కణాలున్నాయని 1995లో జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచి నిరూపించాడు. అవి రెగ్యులేటరీ టి కణాలు. నేను సర్దిచెప్పే కణాలు అంటాను. అవి లేకపోతే మన సైన్యం మన ఒంటి మీదే పడుతుంది. వాటిని నడిపే జన్యువుని అమెరికాలో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ కనిపెట్టారు. ఈ ముగ్గురికీ కలిపి 2025లో వైద్యశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు.

అమెరికాలోని హ్యూస్టన్‌లో స్టాన్లీ ఏపెల్ అనే నాడీవైద్యుడి బృందం ఈ కణాల్ని ఏఎల్ఎస్ రోగుల రక్తంలో లెక్కపెట్టింది. జబ్బు వేగంగా నడిచేవాళ్లలో అవి తక్కువగా ఉన్నాయి. ఉన్నవాటికి కూడా పలుకుబడి లేదు. పక్కన రెచ్చిపోతున్న టి కణాల్ని ఆపమంటే ఆపలేకపోయాయి. గెరిగ్‌కీ హాకింగ్‌కీ మధ్య తేడా అంతా ఇదేనని నేననను. కానీ వేగం గుట్టులో ఒక ముక్క ఇక్కడుంది. ఇంకో సంగతి, నన్ను నిజంగా కదిలించింది, ఏమిటంటే ఆ కణాల్ని రోగి ఒంట్లోంచి తీసి గాజుపాత్రలో పోషించి పెంచితే వాటికి పోయిన శక్తి తిరిగొచ్చింది. అవి చచ్చిపోలేదు, ఆ ఒంట్లో ఉన్నంతసేపు నీరసించాయంతే.

2018లో అదే బృందం ముగ్గురు రోగుల మీద చేసిన ప్రయత్నాన్ని ప్రచురించింది. ఎవరి రక్తంలోంచి తీసిన కణాల్ని వాళ్లకే, ప్రయోగశాలలో పెంచి, తిరిగి ఎక్కించారు. రెండు విడతలుగా, మొత్తం ఎనిమిదిసార్లు. ఎక్కించిన నెలల్లో జబ్బు నెమ్మదించింది. మధ్యలో ఆపినప్పుడు మళ్లీ వేగం అందుకుంది. ముగ్గురంటే ముగ్గురే, పోల్చిచూడటానికి ఎదురు జట్టు లేదు. దీన్ని మందు అనలేం, దారి అని మాత్రం అనొచ్చు.

ఈ పద్ధతిలో ఒక్కో మనిషికీ విడిగా కణాలు పెంచాలి. ఖర్చు, శ్రమ బోలెడు. ఒంట్లో ఉన్నవాటినే పెంచే ఉపాయం లేదా అని చూసినప్పుడు ఒక పాత మందు గుర్తొచ్చింది. ఇంటర్‌ల్యూకిన్-2 అనేది టి కణాల్ని లేపే పిలుపు. పెద్ద మోతాదులో ఇస్తే సైన్యం మొత్తం లేస్తుంది. కిడ్నీ క్యాన్సర్‌కి 1992 నుంచి అమెరికాలో అలా వాడారు. మరి మంట ఆర్పాల్సిన చోట సైన్యాన్ని లేపడమేమిటి? కిటుకంతా మోతాదులో ఉంది. సర్దిచెప్పే కణాలవి పాముచెవులు. ఈ పిలుపుని పట్టే గ్రాహకాలు వాటి ఒంటి మీద మిగతా టి కణాలకంటే ఎంతో పదునైనవి. మైకు పెట్టి అరిస్తే ఊరంతా పరిగెత్తుకొస్తుంది. అరుగు మీద కూర్చుని గొంతు తగ్గించి పిలిస్తే, ఎదురింటి పెద్దమనిషి ఒక్కడే లేచి వస్తాడు.

ఇంగ్లండు, ఫ్రాన్సు డాక్టర్లు కలిసి మిరోకాల్స్ పేరుతో పెద్ద పరీక్ష నడిపారు. నాయకుల్లో ఒకరైన జిల్బేర్ బెన్సిమోన్, ఈ జబ్బుకి మొట్టమొదటి మందు రిలుజోల్‌ని 1990లలో పరీక్షించిన మనిషే. రిలుజోల్ ఆయుష్షుని సగటున రెండు మూడు నెలలు పొడిగిస్తుంది. అది వాడుతున్న 220 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి నెలలో ఐదు రోజులు చర్మం కింద ఇంటర్‌ల్యూకిన్-2 చిన్న మోతాదులో, రెండో జట్టుకి ఉత్తి సూది, 18 నెలలపాటు ఇచ్చారు. 2025లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది.

మొదటి లెక్కలో నిరాశే ఎదురైంది. మందు తీసుకున్నవాళ్లలో చావు ముప్పు 19 శాతం తక్కువే కానీ, అది అదృష్టం కొద్దీ వచ్చిన తేడా కాదని చెప్పడానికి వీల్లేదు. అయితే పరిశోధకులు ప్రతివారి వెన్నునీరు ముందే తీసి అందులో ఒక వస్తువుని కొలిచి పెట్టుకున్నారు. కదలిక కణాల తీగలకి లోపల వెదురుబద్దల్లాంటి ప్రొటీన్ పోగులుంటాయి, పేరు న్యూరోఫిలమెంటు. కణం కూలితే అవి నీళ్లలోకి కొట్టుకొస్తాయి. కృష్ణకి వరదొచ్చినప్పుడు నీళ్లలో కొట్టుకొచ్చే వాసాలూ తాటాకులూ చూసి పైన ఎన్ని ఇళ్లు కూలుతున్నాయో అంచనా కట్టినట్టు, ఈ పోగుల్ని కొలిస్తే జబ్బు వేగం తెలుస్తుంది. ఆ వేగాన్ని లెక్కలోకి తీసుకుంటే బొమ్మ మారింది. పోగులు అంత ఎక్కువగా లేని, రోగుల్లో సుమారు 70 శాతంగా ఉన్న గుంపులో చావు ముప్పు 40 శాతానికి పైగా తగ్గింది. పోగులు విపరీతంగా ఉన్నవాళ్లలో స్పష్టమైన మేలు కనబడలేదు. అక్కడ మంట అప్పటికే పెద్దమనిషి మాటకి లొంగే దశ దాటిపోయి ఉండొచ్చు.

ఇది గెలుపని నేను రాయను. ఒక గుంపులో కనబడ్డ మేలు ఇంకో పరీక్షలో మళ్లీ కనబడాలి. కానీ ముప్పై ఏళ్లుగా విఫలమైన పరీక్షల్లో ఎన్నింటిలో ఇలా వేగంగా నడిచేవాళ్లనీ నెమ్మదిగా నడిచేవాళ్లనీ ఒకే రాశిలో పోసి సగటు తీశారో అని ఆలోచిస్తే మాత్రం మనసు బరువెక్కుతుంది.

2025లోనే నేచర్ పత్రికలో ఇంకో ఆనవాలు కనబడింది. కొందరు ఏఎల్ఎస్ రోగుల టి కణాలు, సీ9ఓఆర్ఎఫ్72 అనే సొంత ప్రొటీన్‌ని శత్రువుగా గుర్తిస్తున్నాయట. ఆ టి కణాల్లో శాంతింపజేసే రసాయనం వదిలేవి ఎక్కువున్నవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారని అంచనా. మళ్లీ అదే పాఠం. సైన్యం ఎంతుందని కాదు, అందులో ఎవరి మాట చెల్లుతోందని చూడాలి.

మెట్ల దగ్గర

ఇదంతా ఆ రోజు ఆవిడకి చెప్పలేదు. పొడి వద్దన్నాను. అణచే మందులు కూడా వద్దన్నాను, ఒక్క మినహాయింపుతో. ఈ జబ్బులాగే కనిపించే మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతి అని ఇంకొకటుంది. అందులో కదలిక కణం బాగానే ఉంటుంది, దాని తీగ మీద యాంటీబాడీలు పడతాయి. దానికి ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఎక్కిస్తే చచ్చుబడిన చెయ్యి మళ్లీ లేస్తుంది. ‘ఫలానా వాళ్లకి ఇమ్యూనిటీ మందుతో తగ్గింది’ అనే కథల్లో కొన్ని ఇక్కడివే. మాస్టారికి నరాల కరెంటు పరీక్ష చేసి అది కాదని తేల్చారా అని అడిగాను. తేల్చారన్నారు, రిపోర్టు నోటుబుక్కులోనే ఉంది.

మూలకణాల గురించి కూడా అడిగారు. ఎముక మజ్జ నుంచి తీసిన మూలకణాలతో మంట తగ్గించవచ్చన్న ఆశతో చేసిన నూరోన్ అనే చికిత్సని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహాదారులు 17–1 ఓట్లతో కాదన్నారు. మన దేశంలో ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఈ జబ్బుకి మూలకణాల్ని అనుమతి ఉన్న పరీక్షల్లో తప్ప ఇవ్వకూడదు. పరీక్షలో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోరు. లక్షలు అడిగితే అది పరీక్ష కాదని ఆవిడ నోటుబుక్కులో రాసుకున్నారు.

“మరి ఇప్పుడు చేయగలిగింది ఏమీ లేదా సార్?”

“రాత్రి ఎలా పడుకుంటున్నారమ్మా మాస్టారు?” అన్నాను.

“పడుకోవడం ఎక్కడ. వెల్లకిలా పడుకోలేరు. మూడు దిండ్లు పెట్టాలి. పొద్దున్నే తలనొప్పి అంటారు.”

మూడు దిండ్లు. ఏఎల్ఎస్ రోగుల్ని అంచనా వేసే 48 మార్కుల కొలబద్దలో దిండ్ల లెక్క నిజంగానే ఉంది. వెల్లకిలా పడుకున్నప్పుడు ఊపిరి ఆడకపోవడమూ, పొద్దుటి తలనొప్పీ, ఊపిరి కండ అలిసిపోతోందని చెప్పే గుర్తులు. ముఖానికి మాస్కు పెట్టి రాత్రిళ్లు గాలి అందించే యంత్రాన్ని మన ఆసుపత్రుల్లో బైపాప్ అంటారు. 2006లో ఇంగ్లండులో వచ్చిన ఒక పరీక్షలో, గొంతు కండరాలు మరీ దెబ్బతినని రోగులకి అలాంటి యంత్రం సగటున 205 రోజులు ఆయుష్షు పోసింది. రిలుజోల్ ఇచ్చేదానికంటే ఎక్కువ. నిద్రా బాగుపడింది.

వచ్చే నెల అపాయింట్‌మెంటు దాకా ఆగొద్దనీ, రేపే డాక్టరుకి ఫోన్ చేసి మూడు దిండ్ల సంగతి చెప్పి, ఊపిరి పరీక్ష అడగమనీ చెప్పాను. ఆవిడ మెట్టు మీదే కూర్చుని, నోటుబుక్కులో కొత్త పేజీ తిప్పి, ‘దిండ్లు – 3’ అని రాసి దాని కింద గీత గీశారు.